ఇజుత్సు తొషిహికో (1914–1993)

ఇజుత్సు తొషిహికో జపాన్‌కు చెందిన ఇస్లామీయ తత్వశాస్త్ర పండితుడు, భాషాతత్వవేత్త. 1914 మే 4న తోక్యోలో పుట్టారు, 1993 జనవరి 7న కమకురలో కన్నుమూశారు. ఇజుత్సు అనేది ఇంటిపేరు. జపనీయులూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఖురాన్ మొత్తాన్ని అరబ్బీ మూలం నుంచి నేరుగా జపనీసులోకి తెచ్చిన తొలి అనువాదకుడు ఆయనే. ఖురాన్‌లోని మాటలను వాటి చుట్టూ ఉన్న మాటలతో కలిపి చదివి అర్థం తేల్చే పద్ధతిని రూపొందించారు. ఇబ్న్ అరబీ, ముల్లా సద్రా, సబ్జవారీ అనే తత్వవేత్తల ‘ఉనికి’ సిద్ధాంతాన్ని ఇరాన్ వెలుపలి పాఠకులకు విప్పి చెప్పినవారిలో ముఖ్యులు. ఆయన ముస్లిం కాదు. ఆయన దేశంలో ఇస్లాం నామమాత్రం. అయినా టర్కీ, ఇరాన్, మలేషియా, ఇండొనేషియాల్లో ఖురాన్ చదువుకునే విద్యార్థులు ఇవాళ్టికీ ఆయన పుస్తకాలను పాఠ్యగ్రంథాల్లా చదువుతున్నారు.

తండ్రి వ్యాపారి. చేతిరాత కళలో, జెన్ ధ్యానంలో మునిగిన మనిషి. కొడుక్కి నేర్పిన ధ్యానం ఇలా ఉండేది: కాగితం మీద కుంచెతో ‘మనసు’ అనే ఒక్క అక్షరం రాసి ముందు పెట్టేవారు. దాన్నే రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండాలి. కొన్నాళ్లకు కాగితం తీసేసి, ఇప్పుడు కాగితం మీది అక్షరాన్ని కాదు, నీలో ఉన్న అక్షరాన్ని చూడమనేవారు. చివరికి ఆ అక్షరాన్నీ వదిలేసి, అక్షరం లేని మనసును చూడమనేవారు. ఈ సాధన గురించి ఆలోచించడం, తర్కించడం మాత్రం నిషిద్ధం. ఆలోచన దారికి అడ్డమని తండ్రి నమ్మకం. పెద్దయ్యాక గ్రీకు తత్వవేత్తలను చదివినప్పుడు ఇజుత్సుకు ఆశ్చర్యం కలిగింది. అక్కడ అనుభవమూ ఆలోచనా శత్రువులు కావు, అనుభవంలోంచే ఆలోచన పుట్టుకొస్తోంది. ఇంట్లో నిషేధించిన పనిని ఒక గొప్ప సంప్రదాయం నిండు మనసుతో చేస్తోందన్నమాట. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి పుస్తకంలోనూ ఈ రెంటినీ విడదీయకూడదన్న పట్టుదల కనిపిస్తుంది.

కేయో విశ్వవిద్యాలయంలో మొదట అర్థశాస్త్రంలో చేరి, అది నచ్చక, కవి నిషివాకి జున్‌జబురో దగ్గర ఆంగ్ల సాహిత్యం చదివారు. 1937లో పట్టా పుచ్చుకుని అక్కడే సహాయకుడిగా చేరారు. భాషలు నేర్చుకోవడం ఆయనకు ఆకలి లాంటిది. 30కి పైగా భాషలు వచ్చని చెబుతారు. లెక్క ఎలా ఉన్నా, అరబ్బీ, పారశీకం, గ్రీకు, హీబ్రూ, రష్యన్, చీనీ, సంస్కృత గ్రంథాలను మూలంలోనే చదివారన్న సంగతి ఆయన రచనల్లో అడుగడుగునా తెలుస్తుంది.

అరబ్బీ నేర్చుకున్న తీరు ఒక కథ. 1930ల తోక్యోలో అరబ్బీ చెప్పే జపనీయులు లేరు. రష్యా విప్లవం తర్వాత చెదిరిపోయిన తాతార్ ముస్లింలు కొందరు మాత్రం ఆ నగరంలో తలదాచుకున్నారు. వారిలో పెద్దవాడు అబ్దుర్రషీద్ ఇబ్రహీం, 1938లో తెరిచిన తోక్యో మసీదుకు ఇమాము. ఇస్లాం లేకుండా అరబ్బీ ఒక్కటే నేర్చుకుంటానంటే కుదరదని, రెండూ కలిపి అయితే చెబుతానని ఆ వృద్ధుడు షరతు పెట్టారు. రెండేళ్ల తర్వాత తన దగ్గర ఇక చెప్పేదేమీ లేదని, తనకంటే గొప్ప పండితుడు జపాన్ వస్తున్నాడని చెప్పి శిష్యుణ్ణి అప్పగించారు.

ఆ వచ్చిన పండితుడు మూసా జారుల్లాహ్ బిగియెవ్. ఊళ్లు పట్టుకు తిరిగే విద్వాంసుడు, చేతిలో చిల్లిగవ్వ లేదు. అద్దె గదికి డబ్బు చాలక, పరుపులు దాచుకునే గోడ అలమర పై అరలో కాపురం పెట్టారు. అరబ్బీ వ్యాకరణానికి మూలగ్రంథమైన సీబవైహి ‘కితాబ్’ పాఠం మొదలుపెడదామంటే ఆయన దగ్గర పుస్తకం లేదు. అక్కర్లేదు కూడా, మొత్తం కంఠస్థం. వ్యాఖ్యానాలూ కంఠస్థమే. ఒకసారి ఇజుత్సుకు జబ్బు చేస్తే చూడటానికి వచ్చి, గదినిండా పుస్తకాలు కనిపించేసరికి, ఇల్లు తగలబడితే చదువు ఏమవుతుందని అడిగారట. ఊరు మారితే మూటకట్టి మోసుకెళ్తానన్న శిష్యుణ్ణి, ఇల్లు వీపున మోసే నత్తతో పోల్చి నవ్వారట. చదువంతా తలలో ఉంటే మనిషి ఎక్కడికైనా ఖాళీ చేతులతో వెళ్లి పని చేసుకోగలడన్నది ఆ గురువు మాట. వేదాన్ని పనస పనసగా వల్లించిన ఘనాపాఠీల గురించి విన్న తెలుగువారికి ఇది వింతగా అనిపించదు. ఇజుత్సుకు మాత్రం అది పెద్ద కుదుపు. జీవితాంతం ఈ గురువును తలుచుకుంటూనే ఉన్నారు.

1941లో ‘అరబ్బుల ఆలోచనా చరిత్ర’ అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 27. అవి యుద్ధపు రోజులు. ఆసియా ముస్లింలను తమవైపు తిప్పుకోవాలన్న రాజకీయ లెక్కతోనే జపాన్ ప్రభుత్వ వర్గాలు ఇస్లాం అధ్యయనానికి డబ్బు పెట్టాయి. ఆ పనికి ముందున్న ఒకవా షూమెయి యుద్ధానంతరం నేరవిచారణకు గురైన జాతీయవాది. ఆయన సేకరించిన అరబ్బీ గ్రంథాల పట్టికను తయారుచేస్తూ ఇజుత్సు ఆ గ్రంథాలయంలో చదువుకున్నారు. ఈ విషయాన్ని ఆయన జీవితచరిత్రలోంచి తీసేయకూడదు. జపాన్‌లో ఇస్లాం చదువు ఆ నీడలోనే మొలిచింది. అయితే ఆయన రాతల్లో నిలిచింది ఆ రాజకీయం కాదు, ఆ గ్రంథాలే. యుద్ధం ముగిశాక క్షయవ్యాధితో రక్తం కక్కుకుంటూ గ్రీకు మార్మికుల మీద ‘మార్మిక తత్వశాస్త్రం’ రాశారు. అది 1949లో వచ్చింది.

ఖురాన్ అనువాదం 1957–58లో మూడు సంపుటాలుగా, జేబులో పట్టే చవక ప్రతుల వరుసలో వెలువడింది. అంతకుముందు జపనీసులో ఉన్నవి ఇతర భాషల మీదుగా వచ్చిన అనువాదాలు. ఇజుత్సు మూలం నుంచి చేయడమే కాదు, వాడుక భాషలో చేశారు. పవిత్రగ్రంథమంటే గంభీరమైన పాతభాషలో ఉండాలని అనుకునే పాఠకులకు అది మింగుడుపడని సంగతి. ఖురాన్ ఒకరు కూర్చుని రాసిన పుస్తకం కాదు, ఒక మనిషితో దేవుడు మాట్లాడిన మాటలు, కాబట్టి అది మాటలాగే వినపడాలన్నది ఆయన వాదం. తర్వాత 1964లో దాన్ని మళ్లీ సవరించారు. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు చూసిన తెలుగువారికి ఈ తగాదా రుచి బాగా తెలుసు. మనకు ఖురాన్‌ను తొలిగా అందించిన చిలుకూరి నారాయణరావు కూడా మతం రీత్యా ముస్లిం కారు. ఆయనా భాషాచరిత్రకారుడే. మాటల పుట్టుక మీద ప్రేమే ఇద్దరినీ ఆ గ్రంథం దాకా నడిపించిందనిపిస్తుంది.

ఇజుత్సు అరబ్బు దేశాల్లో అడుగుపెట్టింది 1959లోనే. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వేతనంతో లెబనాన్, ఈజిప్ట్ తదితర దేశాలు తిరిగి కెనడా చేరారు. అంటే ఖురాన్ అనువదించేనాటికి అరబ్బీ మాట్లాడే వీధిని ఆయన చూడలేదు.

మాటల వల

ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చిన ఖురాన్ అధ్యయనాలు ఇంగ్లీషులో రాసినవి. ‘ఖురాన్‌లో నైతిక పదాల నిర్మాణం’ 1959లో, ‘ఖురాన్‌లో దేవుడూ మనిషీ’ 1964లో, ‘ఇస్లామీయ దైవశాస్త్రంలో విశ్వాస భావన’ 1965లో వచ్చాయి. మొదటిదాన్ని తిరగరాసి 1966లో కొత్త పేరుతో వేశారు. వీటి సారం తెలియాలంటే ఆయనే వాడిన ఉదాహరణ చూడటం మేలు: కలుపు మొక్క. వృక్షశాస్త్రంలో కలుపు అనే జాతి లేదు. గడ్డి ఉంది, తుంగ ఉంది, గరిక ఉంది, కలుపు లేదు. చేనులో అక్కర్లేని చోట మొలిచిందని మనిషి అనుకున్నప్పుడే ఆ మొక్క కలుపవుతుంది. అదే గరిక వినాయకచవితి నాడు పూజాద్రవ్యం కదా, అని తెలుగు పాఠకుడు చేర్చుకోవచ్చు. ప్రతి భాషా ప్రపంచాన్ని ఇలాగే తన అవసరాల ప్రకారం ముక్కలు చేసి పేర్లు పెట్టుకుంటుంది. కాబట్టి ఒక భాషలోని మాటకు ఇంకో భాషలోని మాటను ఎదురుగా పెట్టి, ఇదే దాని అర్థమంటే మోసపోతాం. ఆ మాట ఏ మాటలతో కలిసి తిరుగుతోంది, ఏ మాటకు ఎదురు నిలుస్తోంది, దేని స్థానంలో వస్తోంది అన్నది ఆ గ్రంథంలోనే వెతకాలి.

ఈ పద్ధతితో ఆయన విప్పిన మాటల్లో మొదట చెప్పుకోవలసింది ‘కుఫ్ర్’. కాఫిరు అంటే అవిశ్వాసి అని అందరూ అంటారు. ఇజుత్సు ఆ ధాతువు దగ్గరికి వెళ్లారు. మూలార్థం కప్పడం. విత్తనాన్ని మట్టితో కప్పే రైతులకు ఇదే ధాతువు మాటను వాడిన చోటు ఖురాన్‌లోనే ఉంది. అందుకున్న మేలును తెలిసీ కప్పిపెట్టడం, లెక్కచేయకపోవడం దాని నుంచి వచ్చిన అర్థం. కనుక ఖురాన్‌లో ‘కుఫ్ర్’ అనే మాట ‘షుక్ర్’కు, అంటే కృతజ్ఞతకు, ఎదురుగా నిలుస్తుంది. హైదరాబాదులో రోజూ వినే షుక్రియా ఈ మాట బిడ్డే. దేవుడి మేళ్లను గుర్తించి తలవంచడం విశ్వాసమైంది కాబట్టి, ఆ తర్వాతే ‘కుఫ్ర్’ అన్నది ‘ఈమాన్’కు వ్యతిరేకపదమైంది. మన కృతఘ్నుడు చేసిన మేలును చంపేవాడు. అరబ్బీ కాఫిరు దాన్ని కప్పేసేవాడు. అవిశ్వాసి అనే ఒక్క తెలుగు మాటతో సరిపెట్టుకుంటే ఈ మేలూ కృతజ్ఞతా ఉన్న ప్రపంచమంతా చేజారిపోతుంది.

‘జాహిలియ్యా’ మరొకటి. ఇస్లాంకు ముందటి కాలాన్ని అజ్ఞానయుగం అంటారు. గోల్డ్‌జిహర్ వంటి పండితులు వేసిన బాటలో సాగి ఇజుత్సు చూపించింది ఏమిటంటే, ‘జహ్ల్’కు అసలు ఎదురుపదం జ్ఞానం కాదు, ‘హిల్మ్’. అంటే నిబ్బరం, తొణకని నిదానం. ‘జహ్ల్’ అంటే చిన్న మాటకే నెత్తురు మరిగిపోయే ఉద్రేకం, గోత్రాభిమానంతో కత్తి దూసే దుడుకు. ఇక ‘కరీమ్’ అన్నది పాత అరబ్బుల్లో గొప్ప వంశంలో పుట్టి, ఉన్నదంతా అతిథులకు కుమ్మరించే దాతకు పేరు. ఎవరి భక్తి గొప్పదో వారే దేవుడి దృష్టిలో అందరికంటే గౌరవనీయులని ఖురాన్ అన్నప్పుడు, వంశం మీద నిలబడిన ఆ మాట ‘తఖ్వా’ మీదికి మారింది. ‘తఖ్వా’ కూడా మొదట భక్తి కాదు, భయపెట్టేదానికీ తనకూ మధ్య ఏదైనా అడ్డుపెట్టి కాచుకోవడం. మాటలు పాతవే. అల్లాహ్ అన్న మాట కూడా మహమ్మదు ప్రవక్తకు ముందే అరబ్బుల నోట ఉంది. కొత్తగా వచ్చింది వాటి పొత్తు. అల్లాహ్ అన్న ఆ ఒక్క మాట నడిమధ్యకు వచ్చి కూర్చోగానే చుట్టూ ఉన్న మాటలన్నీ జరిగి కొత్త చోట్లు వెతుక్కున్నాయి. ఇస్లాం తెచ్చిన మార్పును చాలామంది యుద్ధాల్లో, రాజ్యాల్లో చూపించారు. ఇజుత్సు నిఘంటువులో చూపించారు. నా దృష్టిలో ఆయన చేసిన అన్ని పనుల్లోకీ గట్టిది ఇదే.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ఇస్లాం పూర్వపు అర్థాలకు ఆయన ఆధారం ఎడారి కవుల పద్యాలు. అవి నోటి మీద బతికి, చాలావరకు 8వ శతాబ్దం నుంచి గ్రంథస్థమైనవి. ఖురాన్ ఇరవై పైచిలుకు ఏళ్లలో వెలువడిన గ్రంథం కాగా, చాలాచోట్ల ఆయన దాన్ని ఒకే కాలపు ఒకే వలగా చదివారు. ఈ ప్రశ్నలు న్యాయమైనవే. అయినా ఖురాన్ పదాలను పదాలుగా పట్టించుకునే తర్వాతి పరిశోధకుడెవరూ ఆయన్ను దాటవేయలేకపోయారు.

పువ్వు ఉంది

1960లలో ఇజుత్సు మాంట్రియాల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ఇస్లామీయ అధ్యయన సంస్థలో బోధించడం మొదలుపెట్టారు. 1952లో విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ నెలకొల్పిన సంస్థ అది. 1969లో ఆ సంస్థ టెహ్రాన్‌లో శాఖ తెరిచింది. అక్కడ ఇరాన్ పండితుడు మెహదీ మొహఘెఘ్‌తో కలిసి, 19వ శతాబ్దపు తత్వవేత్త ముల్లా హాదీ సబ్జవారీ గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించారు. తత్వశాస్త్రాన్ని పద్యాల్లో చెప్పి, ఆ పద్యాలకు తానే వ్యాఖ్యానం రాసుకున్న పండితుడు సబ్జవారీ. ఇరాన్ మదరసాల్లో ఆ గ్రంథాన్ని తరాలుగా చదువుతున్నారు. దానికి ఇజుత్సు రాసిన ఇంగ్లీషు ఉపోద్ఘాతమే ఒక పుస్తకమంత. అందులోని తత్వభాగానికి ఇద్దరూ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 1977లో వచ్చింది. అప్పటిదాకా ఐరోపా రాసిన చరిత్రల్లో ఇస్లామీయ తత్వం 1198లో తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ మరణంతో ఆగిపోయేది. టెహ్రాన్, ఇస్ఫహాన్‌లలో అది ఆ తర్వాత కూడా ఆగకుండా సాగిందని నిరూపించినవారిలో ఫ్రెంచి పండితుడు ఆన్రీ కోర్బెన్‌తో పాటు ఇజుత్సు ఒకరు.

ఆ తత్వంలో అసలు సమస్య ‘వుజూద్’. అంటే ఉనికి. దక్కనీ ఉర్దూలో ‘మౌజూద్’ అన్న మాట విన్నవారికి ధాతువు తెలిసినట్టే. ప్రతి వస్తువు గురించీ రెండు ప్రశ్నలు వేయవచ్చు. అది ఏమిటి? అది ఉందా? ‘మా హియ’ అంటే అరబ్బీలో ‘అది ఏమిటి’ అని. ఆ ప్రశ్నలోంచే స్వరూపానికి ‘మాహియ్య’ అనే పేరు పుట్టింది. ఒక పువ్వు ఏమిటో పూర్తిగా చెప్పినా, అది ఉందో లేదో ఆ వర్ణనలో తేలదు. కాబట్టి ఉనికి అన్నది స్వరూపానికి బయటి నుంచి తోడయ్యేదన్నట్టు తత్వవేత్త ఇబ్న్ సీనా మాట్లాడారు. అందులో ఏది నిజం, ఏది మన బుద్ధి చేసిన విభజన? 17వ శతాబ్దంలో ముల్లా సద్రా తిరగేసి చెప్పారు. నిజమైనది ఉనికే. పువ్వు, రాయి, గుర్రం అనేవి ఆ ఉనికికి మన బుద్ధి గీసిన హద్దులు.

ఇక్కడ ఇజుత్సు ఇచ్చిన వివరణ తెలుగులో చెబితే ఇంగ్లీషులో కన్నా బాగా పలుకుతుంది. ‘పువ్వు ఉంది’ అంటాం. వ్యాకరణంలో పువ్వు కర్త, ఉండటం దాని పని. వాస్తవంలో వరస తారుమారు. ఉనికే కర్త. ఉనికి ఇక్కడ పువ్వుగా పూసింది, అక్కడ రాయిగా గట్టిపడింది. వ్యాకరణం చూపే కర్త అసలు కర్త కాదు. అరబ్బీ కూడా తెలుగులాగే ‘ఇది పువ్వు’ అన్నప్పుడు మధ్యలో ‘ఉండు’ క్రియ పెట్టదు. అలాంటి భాషలో ఉనికి గురించి ఇంత తత్వం ఎలా పుట్టిందన్నది ఆలోచించదగ్గ విషయం. ఉనికే కర్త అన్న మాట కేవలం తర్కం కాదని, పేర్లూ రూపాలూ కరిగిపోయిన మనఃస్థితిలో సాధకుడికి ఎదురైన అనుభవాన్ని తిరిగి తర్కంలోకి తెచ్చుకోవడమని ఇజుత్సు అంటారు. 1971లో వచ్చిన ‘ఉనికి: భావన, వాస్తవం’లో ఈ వాదమంతా ఉంది. శంకరాద్వైతంలోని నామరూపాల మాట కూడా ఆయన ఈ చర్చలోకి తెస్తారు.

అంతకుముందే, 1966–67లో, ఆయన చేసిన పెద్ద సాహసం ‘సూఫీతత్వం, తావోతత్వం’ అనే రెండు సంపుటాల గ్రంథం. మొదటి భాగం స్పెయిన్‌లో పుట్టి డమాస్కస్‌లో చనిపోయిన ఇబ్న్ అరబీ (1165–1240) మీద, ముఖ్యంగా ఆయన ‘ఫుసూస్ అల్ హికమ్’ మీద. రెండో భాగం చైనా తావో గురువులు లావోజు, చువాంగ్‌జుల మీద. ఇబ్న్ అరబీకీ ఈ గురువులకూ మధ్య దాదాపు పదిహేను శతాబ్దాలో అంతకు మించో దూరం ఉంది, రాకపోకలు లేవు. అందుకే ముందుగా ఎవరిది వారికే విడిగా, వారి పదాలతోనే చెప్పి, చివర మాత్రమే పక్కపక్కన పెట్టారు. ఏ పేరుకూ అందని మూలం, అందులోంచి లోకం విచ్చుకోవడం, తిరిగి దాన్ని చేరిన పరిపూర్ణ మానవుడు అనే మూడు చోట్ల ఇరుపక్షాలూ కలుస్తాయన్నది ఆయన నిర్ణయం. చరిత్రను పక్కనపెట్టిన ఈ పోలికతో అందరూ ఒప్పుకోరు. పోలిక సంగతి ఎలా ఉన్నా, ఇబ్న్ అరబీ మీది భాగం ఒక్కటే విడిగా చదివినా ‘ఫుసూస్’కు అంత స్పష్టమైన దారి చూపే పుస్తకాలు తక్కువ.

1967 నుంచి 1982 దాకా స్విట్జర్లాండ్‌లోని అస్కోనాలో జరిగే ఎరనోస్ సదస్సుల్లో తావో, జెన్, కన్ఫ్యూషియస్ తత్వాల మీద ప్రసంగించారు. 1975 నుంచి టెహ్రాన్‌లో సయ్యద్ హుస్సేన్ నస్ర్ నడిపిన తత్వశాస్త్ర అకాడమీలో ఆచార్యులు. ఆయన దగ్గర ‘ఫుసూస్’ పాఠం విన్నవారిలో తర్వాతికాలపు ప్రసిద్ధ ఇబ్న్ అరబీ పండితుడు విలియం చిట్టిక్ ఉన్నారు. జపాన్ నుంచి వచ్చిన ముస్లిమేతరుడు, ఇరాన్ నడిబొడ్డున, అరబ్బీ మూలాన్ని అమెరికన్‌కూ ఇరానీయులకూ పాఠం చెప్పిన తరగతి అది. 1979 ఆరంభంలో విప్లవం ముంచుకురావడంతో ఇరాన్ విడిచి స్వదేశం చేరారు.

తిరిగి వచ్చాక ఇంగ్లీషు తగ్గించి మాతృభాషలో రాయడం మొదలుపెట్టారు. ‘ఇస్లాం పుట్టుక’ (1979), ‘ఇస్లామీయ సంస్కృతి’ (1981) సామాన్య పాఠకులకు. 1983లో వచ్చిన ‘చైతన్యం, సారం’ ఆయన ప్రధాన గ్రంథం. సార్త్ర్ నవలలో చెట్టు వేరును చూసి కథానాయకుడికి కలిగిన వికారంతో అది మొదలవుతుంది. పేర్లు ఊడిపోయిన లోకం ఎదురైతే ఆ మనిషికి కడుపులో తిప్పింది. అదే స్థితిని తూర్పు సాధకులు కోరి వెతుక్కున్నారు. ఎందుకన్న ప్రశ్నతో ఆయన ఇస్లామీయ ‘మాహియ్య’ నుంచి వేదాంతం, యూదు మార్మిక సంప్రదాయమైన కబ్బాలా, జెన్, జపాన్ కవి బషో కవిత దాకా తిరిగారు. అదే ఏడాది ఫ్రెంచి తత్వవేత్త జాక్ దెరిదా ‘జపనీయ మిత్రుడికి ఉత్తరం’ రాశారు. తాను వాడిన ఒక పదాన్ని జపనీసులోకి ఎలా తేవాలన్నది దాని విషయం. ఆ మిత్రుడు ఇజుత్సు.

ఆయన సహధర్మచారిణి తొయోకో రచయిత్రి. జపాన్ సౌందర్యశాస్త్రం మీద ఇద్దరూ కలిసి 1981లో ఒక గ్రంథం వెలువరించారు. 2018లో ఇరాన్ దర్శకుడు మసూద్ తాహెరీ ఆయన మీద ‘ప్రాచ్యుడు’ అనే డాక్యుమెంటరీ తీశారు.

చివరి రోజుల్లో ‘తూర్పు తత్వం: గమనికలు’ అనే వరుసను తలపెట్టారు. మొదటి పుస్తకం ‘చైతన్య తత్వమీమాంస’ మాత్రమే పూర్తయింది. 1993లో ఆయన పోయాక అచ్చయింది. అది ‘మహాయాన శ్రద్ధోత్పాద శాస్త్రం’ అనే బౌద్ధగ్రంథం మీద వ్యాఖ్యానం. ఆ గ్రంథం మొదటి నుంచి చివరి దాకా విచారించేది ‘ఒకే మనసు’ను. మనసుకు అందులో వాడిన చీనీ అక్షరం, చిన్నప్పుడు తండ్రి కాగితం మీద రాసి ముందుంచిన అక్షరమే.